కొండ కుంటలలో నీటి గుణమును సరిచేయు విధానము

చేపల పెంపకము డెల్టాలోని పెద్ద చెరువులవారి వ్యవహారమనియు, కొండమీది రైతుకు దానితో పనిలేదనియు చాలమంది తలచుచుందురు. అది సరికాదు. హుకుంపేట మండలములో గెడ్డ ప్రక్కనో, మెట్టు మడుల చివరనో నీటి కుంట త్రవ్వుకొన్న రైతులు పలువురు కలరు. రెండు మూడు సెంట్ల కుంటయైనను చక్కగా చూచుకొన్నచో ఇంటిల్లిపాదికి అప్పుడప్పుడు చేపల కూర దొరకును. పిల్లలకు బలమైన ఆహారము లభించును. మిగిలినవి సంతలో అమ్ముకొనవచ్చును.

కాని ఈ కుంటలలో ఒక ఇబ్బంది తరచుగా వినవచ్చుచున్నది. మైదానమునుండి డబ్బు పోసి తెచ్చిన చేపపిల్లలు వదలిన రెండు మూడు దినములలో తేలిపోవుచున్నవి. లేదా బ్రతికియుండియు ఏడాది గడచినను చేతి వ్రేలంత దాటకున్నవి. పిల్లలు మంచివి కావని కొందరు, ఎవరో మందు కలిపిరని కొందరు అనుకొందురు. కారణము చాలవరకు నీటిలోనే ఉన్నది. ఆ నీరు మురికిదై కాదు, మరీ తేటయైనందున ఈ కష్టము వచ్చుచున్నది. ఈ సంగతి తెలిసికొన్నచో తక్కువ ఖర్చుతో సరిచేసికొనవచ్చును. తెలియక సరిచేయబోయినచో ఉన్న చేపలును పోవును.

ఈ వ్యాసము వ్రాయుటకు ఒక కారణము కలదు. ఒక రైతు తన కుంట నీరు పుల్లగా ఉన్నదని పరీక్షలో తేలగా, ఏమి చేయవలెనని నన్ను అడిగెను. "సున్నము వేయుము" అని చెప్పితిని. ఏ సున్నమో, ఎంతో, ఎప్పుడో చెప్పలేదు. అతడు ఇంటి గోడలకు తెచ్చిన రాతి సున్నములో మిగిలిన అర బస్తాను మధ్యాహ్నవేళ ఒకే మూలన క్రుమ్మరించెను. ప్రొద్దు గ్రుంకునప్పటికి పిల్లలన్నియు తెల్లని పొట్టలతో తేలినవి. తప్పు అతనిది కాదు. సగము మాట చెప్పిన నాది. మిగిలిన సగమును ఇచ్చట చెప్పుచున్నాను.

మన నీరు ఏల ఇట్లున్నది?

వాననీటిలో సున్నముగాని, లవణములుగాని దాదాపు ఉండవు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరిగించుకొని వచ్చుటచే అది స్వతహాగా కొంచెము పుల్లనిది. ఆ నీరు నేలలో ఇంకి, రాతి సందులలో ప్రవహించి, ఊటగా బయటపడులోపల ఏ రాతిని తాకునో ఆ రాతి గుణమును పుచ్చుకొనును.

మన తూర్పు కనుమలలో విస్తారముగా ఉన్న రాయికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరు పెట్టిరి. ఈ కొండలలో నివసించు ఖోండు గిరిజనుల పేరే దానికి వచ్చినది. ఇందులో సున్నపు పాలు బహు స్వల్పము. లక్షలాది సంవత్సరములుగా వర్షములు కడుగగా, ఈ రాయి శిథిలమై ఏర్పడిన ఎర్ర నేలలలో ఉన్న కొద్ది సున్నమును కొట్టుకొనిపోయినది. ఇనుము, అల్యూమినియము మిగిలినవి. గాలికొండ, రక్తకొండలపై బాక్సైటు ఏర్పడినది ఇట్లే. ఇట్టి నేలపై నిలిచిన నీటిలో సున్నము ఎక్కడినుండి వచ్చును?

ఇందుకు భిన్నమైన ఉదాహరణము ఈ కనుమలలోనే కలదు. అనంతగిరి మండలములోని బొర్రా గుహలు సున్నపురాతిలో ఏర్పడినవి. అచ్చట నీరు రాతిని కరిగించుకొని, గుహ పైకప్పునుండి బొట్టుబొట్టుగా జారుచు, సున్నమును మరల పేర్చి స్తంభములను కట్టినది. ఆ నీటిలో సున్నము సమృద్ధి. కనుక అటువంటి తావున కుంటకు చేసిన వైద్యము ఎర్ర నేలలోని కుంటకు పనికిరాదు. ఎవరి నీటిని వారు పరీక్షించుకొని తీరవలెను.

తెలిసికొనవలసిన రెండు గుణములు

మొదటిది పులుపు. దీనిని పి.హెచ్. అను అంకెతో కొలుతురు. 1909లో డెన్మార్కు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు సోరెన్‌సన్ ఈ కొలతను ప్రవేశపెట్టెను. 7 అంకె సమస్థితి. అంతకు తగ్గినచో ఆమ్లము, అనగా పులుపు, పెరిగినచో క్షారము. ఒక్క అంకె తేడా పది రెట్ల తేడాయని జ్ఞాపకముంచుకొనవలెను. పి.హెచ్. 5 గల నీరు 6 గల నీటికన్న పది రెట్లు, 7 గల నీటికన్న నూరు రెట్లు పుల్లనిది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ చేపలకు 6.5 నుండి 8.5 వరకు అనుకూలము. 5కు దిగువన అవి పెరుగవు. నీరు బాగుగా పుల్లనైనప్పుడు నేలలోని అల్యూమినియము నీటిలోనికి వచ్చి చేపల మొప్పలను కూడ పాడుచేయును.

రెండవది క్షారత. పులుపును అడ్డుకొనుటకు నీటిలో కరిగియున్న సున్నపు నిల్వయే క్షారత. దీనిని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పుదురు. పి.హెచ్.కును దీనికిని గల భేదము ఇది: పి.హెచ్. ఈ పూట కుండలోని అన్నము. క్షారత గాదెలోని గింజ. గాదెలో గింజ ఉన్న ఇల్లు ఒక చెడు నెలను దాటగలదు. గాదె ఖాళీగా ఉన్న ఇంట ఈ పూట కుండ నిండియున్నను రేపటి మాట చెప్పలేము. మన ఊటనీరు అట్టిది. పరీక్షించిన క్షణమున పి.హెచ్. 7 ఉన్నను, మరునాటికి అది ఎటు పోవునో తెలియదు.

నీటిలోని సన్నని పచ్చని నాచు పగటివేళ ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. అందుచే సాయంకాలమునకు పి.హెచ్. పెరుగును. రాత్రి నాచు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు అన్నియు ఆ వాయువును విడుచుటచే తెల్లవారునప్పటికి పి.హెచ్. తగ్గును. క్షారత చాలినంత ఉన్నచో ఈ హెచ్చుతగ్గులు స్వల్పము. లేనిచో ఉదయము 6, సాయంకాలము 9 అయినను ఆశ్చర్యము లేదు. అనగా ప్రతిదినము వేయి రెట్ల మార్పు. ఇట్టి నీటిలో చేప తన బలమంతయు బ్రతుకుటకే ఖర్చుచేయును. పెరుగుటకు మిగులదు.

క్షారత లీటరుకు 20 మిల్లీగ్రాములకన్న తక్కువయైనచో కుంటకు సున్నము అవసరము. 40, 50 వరకు తెచ్చిన చాలును.

పరీక్షించు విధానము

పి.హెచ్. కాగితములు చౌకగా దొరకును. తడిపిన కాగితపు రంగును డబ్బీపై ఉన్న రంగులతో పోల్చవలెను. సూర్యోదయమునకు ముందొకసారి, మధ్యాహ్నము మూడు గంటలకొకసారి, వరుసగా మూడు దినములు చూచి వ్రాసికొనవలెను. ఒక్కసారి చూచిన అంకెను నమ్మి ఏ పనియు చేయరాదు. రెండు పూటల నడుమ రెండంకెలకు మించిన తేడా ఉన్నచో గాదె ఖాళీయని గ్రహింపుడు. క్షారతను కొలుచుటకు చుక్కల మందు గల చిన్న పెట్టెలు ఆక్వా దుకాణములలో లభించును. చుక్కలు లెక్కపెట్టుటయే పని. చదువుకొన్న పిల్లలు సులభముగా చేయగలరు.

కుంట ఎండియున్నప్పుడు అడుగు మన్నును అయిదారు చోట్ల తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి, మీ గ్రామ వ్యవసాయ సహాయకుని ద్వారా భూసార పరీక్షకు పంపుడు. పొలపు మన్నువలెనే కుంట మన్నుకును పి.హెచ్. తెలియును.

మరియొక మాట. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచుండి, ఎండ ఎక్కిన పిదప మరల క్రిందికి పోవుచున్నచో, అది చాలవరకు ప్రాణవాయువు కొరత. దానికి సున్నము మందు కాదు. కొత్త నీరు పారించి, కుండలతో ఎత్తిపోసి నీటిని కలచవలెను.

ఏ సున్నము?

బజారులో సున్నమను పేరుతో మూడు వేర్వేరు వస్తువులు దొరకును.

1. సున్నపురాతి పొడి. రాతిని కాల్చక పొడి చేసినది. నెమ్మదిగా కరగును. ఎక్కువైనను నీటి పి.హెచ్. సుమారు 8.3 దాటనీయదు, మిగిలినది అడుగున పడియుండి, నీరు పుల్లబడినప్పుడు తిరిగి కరగును. చేపలున్న కుంటకు ఇదియే క్షేమము. గుల్లల పొడియు, డోలమైటు పొడియు ఇట్టివే.

2. రాతి సున్నము. కాల్చినది, నీరు తగలనిది. నీటిలో పడగానే కుతకుత ఉడుకును. నీటి పి.హెచ్.ను 12 వరకు తీసికొనిపోగలదు. ఎండిన కుంటకు మాత్రమే తగును.

3. తడిసి విరిసిన సున్నము. వెల్ల వేయుటకు వాడునది. ఉడుకదు గాని ఘాటులో రాతి సున్నమునకు దగ్గరిది.

మీ చేతిలోనిది ఏదో ఇంటివద్దనే తెలిసికొనవచ్చును. చెంచాడు పొడిని గాజు గ్లాసులోని నీటిలో వేయుడు. వేడెక్కినచో రాతి సున్నము. వేడెక్కనిచో చిటికెడు పసుపు కలుపుడు. వెంటనే పారాణివలె ఎర్రబారినచో విరిసిన సున్నము. ఎర్రబారనిచో మరికొంత పొడిపై నిమ్మరసము పిండుడు. నురగ పొంగినచో సున్నపురాతి పొడి. ఏదియు జరుగనిచో అది సున్నమే కాదు, తిరిగి ఇచ్చివేయుడు. రాతి సున్నమును చేతితో ముట్టరాదు. కంట పడకుండ, పిల్లలు దగ్గరకు రాకుండ జాగ్రత్త వహింపవలెను.

బలములో కూడ భేదము కలదు. 100 కిలోల సున్నపురాతి పొడి చేయు పనిని సుమారు 74 కిలోల విరిసిన సున్నము, లేదా 56 కిలోల రాతి సున్నము చేయును.

ఎంత వేయవలెను?

కుంట ఎండియున్నప్పుడు అడుగు మన్ను పి.హెచ్.ను బట్టి సెంటుకు వేయవలసిన మోతాదు ఇది:

4.0 నుండి 4.5 వరకు: 4 కిలోలు.
4.5 నుండి 5.5 వరకు: 2 కిలోల 800 గ్రాములు.
5.5 నుండి 6.5 వరకు: 2 కిలోలు.
6.5 నుండి 7.5 వరకు: 800 గ్రాములు.
7.5 దాటినచో అవసరము లేదు.

అడుగునను, గట్ల లోపలి వాలులపైనను సమముగా చల్లి, పైమన్నులో కలియునట్లు తిరుగగొట్టి, పిదప నీరు పెట్టవలెను. రెండు వారములు ఆగి, పి.హెచ్. 8.5కు లోపల ఉన్నదని చూచుకొని పిల్లలను వదలవలెను. సున్నము వేసిన దినముననే సూపరు ఫాస్ఫేటు వేయరాదు. భాస్వరము సున్నముతో కలిసి వ్యర్థమగును. కనీసము వారము వ్యవధి ఇయ్యవలెను. పుల్లని బురద పట్టియుంచిన భాస్వరము సున్నముచే విడివడుటవలన, కొన్ని దినములకు నీరు లేత పచ్చ రంగుకు తిరుగును. అది చేపల మేతకు నాంది. భయపడనక్కరలేదు.

కుంటలో నీరును, చేపలును ఉన్నప్పుడు లెక్క వేరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటరు లోతు గల కుంటను తీసికొందము. మూడింటిని గుణించిన 120 ఘనపు మీటర్లు, అనగా 1,20,000 లీటర్ల నీరు. వేయి లీటర్లకు ఒక గ్రాము సున్నపురాతి పొడి పూర్తిగా కరిగినచో క్షారత లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరుగును. క్షారతను 10 నుండి 40కి తేవలెనన్నచో వేయి లీటర్లకు 30 గ్రాములు. మొత్తము 3 కిలోల 600 గ్రాములు. దీనిని మూడు భాగములు చేసి, వారమునకొక భాగము చొప్పున, బకెట్టు నీటిలో కలిపి ఉదయమున కుంట అంతట చల్లవలెను. ప్రతి వారము పరీక్షించి, చాలినంత వచ్చినచో ఆపవలెను. బురద కొంత సున్నమును తినివేయును గనుక అంకె వెంటనే పెరుగలేదని తొందరపడి రెట్టింపు చేయరాదు. నాలుగు కిలోలైనను నిండని ఈ లెక్కను చూచినచో, అర బస్తా రాతి సున్నము ఎట్టి ఘోరమో తెలియును.

సున్నము విషమగుట ఎట్లు?

చేపల విసర్జనలనుండియు, మిగిలిన తవుడు, చెక్కలనుండియు నీటిలో అమోనియా పుట్టును. పుల్లని నీటిలో ఇది చేపకు అంతగా హాని చేయని రూపములో ఉండును. పి.హెచ్. పెరిగినకొలది విషరూపము దాల్చును. 25 డిగ్రీల వేడిమి గల నీటిలో, పి.హెచ్. 7 వద్ద నూటికి ఒక పాలుకూడ విషము కాదు. 8 వద్ద నూటికి సుమారు 5 పాళ్లు, 9 వద్ద 35 పాళ్లకు పైగా విషమగును. అందుచే పులుపుకు అలవాటుపడిన పాత నీటిలో ఒక్కసారిగా సున్నము గుప్పించిన యెడల, పులుపు చంపని చేపను అమోనియా చంపును. ముందు కొంత నీరు మార్చవలెను, తరువాతనే సున్నము. మేత రెండు దినములు ఆపవలెను. ఈ వరుస తప్పరాదు.

గాజు తొట్టిలో

ఇండ్లలోను, పాఠశాలలలోను ముచ్చటకై ఉంచుకొను గాజు తొట్టికి కూడ ఈ సూత్రమే వర్తించును. పైగా అందులో మార్పు మరింత వేగము. తొట్టిలోని సూక్ష్మజీవులు అమోనియాను మార్చివేయునప్పుడు క్షారతను ఖర్చుచేయును. కొండనీటిలో ఆ నిల్వ కొద్ది వారములలోనే అయిపోయి, తొట్టి పుల్లబడును. చేపలు మందగించి మూలన చేరును.

తొట్టికి వంటసోడా చాలును. 50 లీటర్ల నీటిలో క్షారతను 30 మిల్లీగ్రాములు పెంచుటకు రెండున్నర గ్రాములు, అనగా చదునుగా కొలిచిన అర టీ చెంచా కావలెను. దీనిని ఒకేసారి వేయక, వేరు పాత్రలో కరిగించి మూడు దినములలో పోయవలెను. కేకులకు వాడు బేకింగు పౌడరు వేరు, వంటసోడా వేరు, పొరపాటు పడరాదు. సోడాలో సున్నము లేదు గనుక, కడిగి నలుగగొట్టిన ఆల్చిప్పలను గుప్పెడు గుడ్డ మూటగా కట్టి తొట్టిలో ఉంచినచో, నీరు పుల్లబడినప్పుడెల్ల అవి కొద్దికొద్దిగా కరుగుచుండును. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మార్చుట అన్నిటికన్న ముఖ్యము. కుళాయి నీటిలో క్లోరిను కలిపియున్నచో, వెడల్పాటి పాత్రలో ఒక దినము ఉంచి, అప్పుడప్పుడు కలచి వాడవలెను.

పిల్లలను వదలునప్పుడు

మైదానపు నర్సరీలలో పెరిగిన పిల్లలు సాధారణముగా సున్నము గల గట్టి నీటికి అలవాటుపడినవి. వానిని సంచి విప్పి ఒక్కసారిగా మన మెత్తని నీటిలో పోయరాదు. సంచిని ముడితోనే కుంటలో ఇరువది నిమిషములు తేలనిచ్చి వేడిమి సరిపడనీయవలెను. పిదప ముడి విప్పి, అయిదు నిమిషములకొకసారి చెంబెడు కుంట నీరు చొప్పున అరగంటసేపు కలుపవలెను. తరువాత సంచిని వంచినచో పిల్లలు తమంతట తామే ఈదుకొని పోవును. ఈ పనికి చల్లని ఉదయపువేళ మంచిది.

పులుపు రాకుండ కాపాడుకొనుట

సరిచేయుటకన్న చెడకుండ చూచుకొనుట చౌక. మన ప్రాంతమున ముఖ్యముగా కాఫీ పండ్లు కోయు కాలములో, పండు తోలు తీసి గింజలు కడిగిన నీరు మిక్కిలి పుల్లనిది; కుళ్ళి ప్రాణవాయువును కూడ హరించును. ఆ నీటిని కుంటలోనికిగాని, కుంటకు వచ్చు గెడ్డలోనికిగాని వదలరాదు. దూరముగా గొయ్యి త్రవ్వి ఇంకనీయవలెను. సిల్వరు ఓకు ఆకులును, ఇతర రాలుటాకులును కుంటలో పేరుకొన్నచో తీసివేయవలెను. భారీ వర్షములలో కొండవాలు నీరు నేరుగా దిగకుండ కుంటకు పైవైపున చిన్న మళ్ళింపు కాలువ తీయవలెను. కురిసిన ప్రతి వాన గాదెలోని గింజను కొంత కడిగి తీసికొనిపోవును గనుక, వర్షాకాలము ముగిసినంతనే క్షారతను మరల చూచుకొనవలెను.

రైతు సోదరులారా, సోదరీమణులారా! క్రమము ఇది: ముందు పరీక్ష, తరువాత లెక్క, ఆ తరువాత కొద్దికొద్దిగా మందు. 7 అంకె వెంట పరుగెత్తవలదు. గాదె నిండినచో ఆ అంకె తానే నిలుచును. మీ వ్యవసాయాధికారిగాని, మరెవరుగాని "సున్నము వేయుడు" అని మాత్రమే చెప్పి పోబోయినచో, వారిని ఆపి "ఏ సున్నము? ఎంత? ఎప్పుడు?" అని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు సమాధానము వచ్చువరకు సంచి మూతి విప్పకుడు.